నేను తుడిచేసిన వంపు

2024 ఆగస్టు. అశోక్ నగర్‌లో మా జిరాక్స్ షాపు ఉన్న సందులో ఆ వారమంతా ముసురు. కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చేవాళ్లు తడిసిన గొడుగులు తెచ్చి మా కౌంటర్ మీదే పెట్టేవాళ్లు. నేను తియ్యమంటే నవ్వుతూ తీసేవాళ్లు, రెండు నిమిషాలకు మళ్లీ అక్కడే పెట్టేవాళ్లు. అప్పటికి నేను ఆ షాపులో చేరి ఐదేళ్లయింది. ఇంటర్ తర్వాత ఆరు నెలలు డీటీపీ నేర్చుకున్నాను, అంతటితో నా చదువు అయిపోయింది. మా అమ్మానాన్న పాలమూరు నుంచి కూలి పనికి వచ్చి దోమలగూడ బస్తీలో ఉండిపోయినవాళ్లు. మా ఇంట్లో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేది నేనొక్కదాన్నే.

జిరాక్స్ షాపులో పనంటే బటన్ నొక్కడమే అనుకుంటారు. నిజానికి మా పనిలో సగం తుడవడమే. పదో తరగతి మెమోలు, కుల ధ్రువపత్రాలు నాలుగు మడతలు పడి, వేలిముద్రలు అంటి, టీ చుక్కలు పడి వస్తాయి. వాటిని స్కాన్ చేసి ఆ మురికంతా తీసేస్తాం. దీన్ని క్లీనింగ్ అంటాం. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ అని ఒకటి ఉంటుంది. దాన్ని కొంచెం పక్కకు జరిపితే బూడిద రంగంతా తెల్లబడిపోతుంది, నల్లటి అక్షరం మాత్రం నల్లగానే నిలుస్తుంది. ఇంకా మిగిలిన చుక్కలను బ్రష్‌తో చెరిపేస్తాం. మా ఓనర్ శంకరన్న అందరితోనూ అనేవాడు, "మంజుల చేతిల పెడితే ముసలి మెమో గూడ పెండ్లిపిల్ల లెక్క అయితది" అని. నాకు అది వింటే ఎంత గర్వమో! ఆ గర్వమే నా కొంప ముంచబోయింది.

ఆ సోమవారం పొద్దున విజయ మేడం వచ్చారు. చిక్కడపల్లిలో ఉంటారు, ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. నలభై దాటాయి. రాగానే కౌంటర్ మీది గొడుగులను తనే ఒక పక్కకు జరిపి, "ఆరు కాపీలు, హార్డ్ బైండింగ్. గురువారం సాయంత్రం నాలుగింటి లోపల యూనివర్సిటీల ఇయ్యాలె. అయితదా?" అని అడిగారు. హార్డ్ బైండింగ్ అంటే గట్టి అట్ట వేసి, మీద బంగారు రంగు అక్షరాలు అద్ది కుట్టే పుస్తకం.

"అయితది మేడం. ఒక్కరోజు అటు ఇటు అయితే?"

"అయితే తొమ్మిదేండ్లు పోతయ్" అన్నారు. గొంతులో కోపం లేదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పారు. ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నారట. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. గురువారం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

"మేడం గీడం ఎందుకు, అక్కా అను" అని కూడా అన్నారు. అప్పటి నుంచి ఆమె నాకు విజయక్క.

ఫైలు మెయిల్‌లో తెప్పించుకుని ముందుగా ప్రూఫ్ తీసిచ్చాను. ప్రూఫ్ అంటే అసలు ప్రింట్‌కు ముందు సరిచూసుకోవడానికి మామూలు కాగితం మీద తీసే కాపీ. అక్క మా స్టూలు మీద రెండు గంటలు కూర్చుని, ప్రతి పేజీ చూసి, మూలన ఆకుపచ్చ పెన్నుతో పొట్టి సంతకం పెట్టి వెళ్లింది. మా వృత్తిలో ఒక రూలుంది. సంతకం పెట్టిన ప్రూఫ్ తర్వాత ఎవ్వరూ ఫైలు మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ రూలు కొత్తవాళ్లందరికీ చెప్పేది నేనే.

సాయంత్రం అసలు ప్రింట్ మొదలుపెట్టాను. ఎనభై ఏడో పేజీ మెషీన్ నుంచి బయటికి రాగానే నా మనసు చివుక్కుమంది. తెల్లటి పేజీ మధ్యలో కోలగా ఒక నల్లటి ముద్ద. దాని చుట్టూ బూడిద రంగు మసక, అక్కడక్కడా చిన్న చుక్కలు. అచ్చం పాత జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసినట్టుంది. అంతకు వారం ముందే ఒక కస్టమర్ ఇలాంటి మసక చూసి మా టోనర్ పొడి బాగాలేదని గొడవపడితే, శంకరన్న నన్ను అందరి ముందూ తిట్టాడు. అది గుర్తొచ్చింది. పాపం అక్క ఎక్కడో పాడైపోయిన బొమ్మ పెట్టుకుంది, తొమ్మిదేళ్ల కష్టం, ఇంత మురికిగా వెళ్లాలా అనుకున్నాను. బొమ్మ తెరిచి, లెవెల్స్ జరిపి, బ్రష్ తిప్పాను. రెండు నిమిషాల పని. ముద్ద నల్లగా, కాగితం పాలలా తెల్లగా వచ్చింది. నాకు నేనే శభాష్ అనుకుని ఆరు కాపీలూ ప్రింట్ కొట్టి, బైండింగ్‌కు నారాయణగూడలో ఖాదర్ చాచా దగ్గరికి పంపించాను.

మంగళవారం అట్ట రంగు చూడ్డానికి అక్క మళ్లీ వచ్చింది. కాగితాలు అప్పటికే చాచా దగ్గర ఉన్నాయి. వాన పెద్దదవడంతో అక్క కాసేపు షాపులోనే కూర్చుంది. నా నోరు ఊరుకుంటుందా!

"అక్కా, గింత లావు పుస్తకం దేని మీద రాసినవ్?"

"ఒక్క గెలాక్సీ మీద."

"ఒక్కదాని మీదనే?"

అక్క నవ్వింది. "కోట్లకు కోట్ల నక్షత్రాలు ఒక్కకాడ కూడితే గెలాక్సీ. మనం ఉన్నదానికి చుట్టూ మెలికలు తిరిగిన చేతులుంటయ్. నేను చూసినదానికి చేతుల్లేవ్. పక్కనుంచి చూస్తే మసూర్ పప్పు గింజ లెక్క, నడుమ ఉబ్బి అంచులకు సన్నగ ఉంటది. లెంటిక్యులర్ గెలాక్సీ అంటరు. దాంట్ల కొత్త చుక్కలు పుట్టుడు దాదాపు ఆగిపోయింది. ఉన్నయన్నీ ముసలియే."

"అంటే రిటైరైనోళ్ల కాలనీ అన్నట్టు."

"అట్లనే అనుకో. ఆ కాలనీ పక్కపొంటి నాకొక సన్నటి వంపు దొరికింది. చాన మసకగ ఉంటది. ఎన్నడో ఈ ముసలి గెలాక్సీ ఇంకో చిన్న గెలాక్సీని మింగింది. మింగినంక మిగిలిన చుక్కలు గట్ల వంపు తిరిగినయ్. కొండ మీద పెద్ద టెలిస్కోప్ దగ్గర నాకు మూడు రాత్రులు ఇచ్చిన్రు. రెండు రాత్రులు మబ్బు. మూడో రాత్రి తెల్లారనీకి కొంచెం ముందు తెరిపిచ్చింది. అప్పుడు దొరికింది. నా థీసిస్ అంత ఆ వంపు మీదనే నిలబడ్డది."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ వెలుగు కోట్ల ఏళ్ల కింద బయల్దేరిందని అక్క చెబితే ఒళ్లు జలదరించింది. కానీ ఆ వంపునూ, నేను తుడిచిన మసకనూ కలిపి ఆలోచించనే లేదు. గెలాక్సీ బొమ్మ అంటే నల్లటి ఆకాశంలో తెల్లటి వెలుగు ఉంటుందనే నా లెక్క. తెల్లటి కాగితం మీద నల్లటి ముద్ద గెలాక్సీ ఎట్లా అవుతుంది?

గురువారం పొద్దున పదిన్నరకు చాచా దగ్గర నుంచి ఆరు పుస్తకాలూ వచ్చాయి. ముదురు నీలం అట్ట మీద బంగారు అక్షరాలు. కస్టమర్‌కు ఇచ్చే ముందు పేజీలన్నీ వరసగా ఉన్నాయా లేదా అని చూడటం నా పని. బొటనవేలితో తిప్పుకుంటూ వెళ్తున్నదాన్ని ఎనభై ఏడు దగ్గర ఆగిపోయాను.

నల్లటి ముద్దకు దూరంగా, ఖాళీ తెల్ల కాగితం మీద ఒక చిన్న బాణం ఉంది. నల్లటిది కాబట్టి లెవెల్స్‌కు చెరగలేదు. బాణం కొన మాత్రం శూన్యం వైపు చూపిస్తోంది. బాణం ఊరికే ఎవరు పెడతారు? కింద ఇంగ్లీషులో రెండు వరుసలుంటే కూడబలుక్కుంటూ చదివాను. మసకగా ఉన్న వంపును బాణం చూపిస్తోంది అని రాసి ఉంది.

డ్రాయర్ లాగి, సంతకం పెట్టిన ప్రూఫ్ తీసి పక్కన పెట్టాను. బాణం కొన దగ్గర, బూడిద రంగులో, గోరు గీత లాంటి వంపు. ఫొటో నెగటివ్ లాగా ఆకాశాన్ని తెల్లగా, వెలుగును నల్లగా అచ్చు వేశారని అప్పుడు అర్థమైంది. అక్క తొమ్మిదేళ్లు.

"అన్నా, జర ఇట్ల రా" అని శంకరన్నను పిలిచాను. రెండు పేజీలూ చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"నువ్వే చేసినవా?"

"నేనే."

"ప్రూఫ్ సంతకమైనంక?"

నేను తలూపాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "ఇప్పుడు ఆరు కాపీలు ఇప్పి మళ్ల కుట్టి, అట్టలేసి, అక్షరాలద్దితే రేపు సాయంత్రం దాంక పడతది. మంజులా, నోరు మూసుకొని ఇచ్చెయ్. రెండొందల పేజీలల్ల ఒక్క గీత. ఎవరు సూస్తరు?"

"పరీక్ష చేసేటోళ్లు చూడరా అన్నా? బాణం గూడ ఉంది."

"సూస్తే అప్పుడు సూద్దాం. ఇప్పుడు చెప్తే ఆమె ఇక్కడనే పడిపోతది. షాపు పేరు గూడ పోతది."

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే భయపడ్డాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ ఒక్క క్షణం ఇచ్చేద్దామనే అనిపించింది. పుస్తకాలు కవర్లో పెట్టేస్తే అక్క సంతోషంగా తీసుకుని వెళ్లిపోతుంది. నా ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ తర్వాత ఏ పెద్దాయన ముందో నిలబడి అక్క "ఇదిగో వంపు" అని వేలు పెట్టి చూపిస్తే, అక్కడ ఏమీ ఉండదు. లేనిదాన్ని ఉందని రాసింది అంటారు. ఆ మాట పడేది నేను కాదు, అక్క.

ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో నాకే సరిగ్గా గుర్తు లేదు, మధ్యలో ఏడ్చాను. అవతల నుంచి ఒకటే మాట వచ్చింది. "ప్రూఫ్ పారెయ్యలే గదా? వస్తున్న."

పదకొండుంబావుకు ఆటో దిగింది. గొడుగు కూడా తెచ్చుకోలేదు. పేజీ చూసింది. ముఖం కాగితంలా అయిపోయింది.

"కోట్ల ఏండ్ల కింద బయల్దేరిన వెలుగు మంజులా. దారిల ఏదీ ఆపలే దాన్ని. మబ్బు గూడ ఆపలే. నువ్వు ఆపినవ్."

అక్క ఇంకో మాట అని ఉంటే అక్కడే కూలబడేదాన్ని. కానీ అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏడ్సుడు తర్వాత. ఎన్ని బొమ్మలు ముట్టినవ్?"

"ఒకటే అనుకుంట… రెండు గావొచ్చు."

"అనుకుంట అంటే నడవది. అన్నీ చూద్దాం."

పదకొండు బొమ్మలు. ప్రూఫ్ అక్క చేతిలో, పుస్తకం నా చేతిలో. ఒక్కో బొమ్మ మూల నుంచి మూలకు పోల్చుకుంటూ పోయాం. బయట ఎవరో "అక్కా, రెండు సైడ్ల జిరాక్స్" అంటే శంకరన్నే లేచి తీసిచ్చాడు. తొంభై ఒకటో పేజీలో ఇంకొకటి దొరికింది. ఆ బొమ్మలో వంపు లేదు, సోమవారం అదే ఊపులో చుక్కలు మాత్రం చెరిపాను. "అవి గూడ గెలాక్సీలే" అంది అక్క తల ఎత్తకుండానే. దుమ్ము అనుకుని నేను ఎన్ని చెరిపానో లెక్కపెట్టే ధైర్యం కూడా లేకపోయింది. అక్క మెయిల్‌లో పంపిన ఫైలు అలాగే ఉంది కాబట్టి బతికిపోయాం. ఆ రెండు పేజీలు ఆరేసి కాపీలు ప్రింట్ తీశాను. బూడిద రంగు మసకతో, చుక్కలతో, మురికిగా కనిపిస్తూ వచ్చాయి. అంత అందమైన ప్రింట్ నా చేతుల్లో నుంచి అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

పుస్తకాలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టుకుని నారాయణగూడ చేరేసరికి పన్నెండున్నర. ఖాదర్ చాచా నలభై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్న మనిషి. విషయం విని నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"బేటా, చేతులు సాఫ్ జేస్కో అంటే పుస్తకాలు సాఫ్ జేసినవా?"

"చాచా, తిట్టుడు తర్వాత. ఇప్పకుండ అయితదా?"

"అయితది. పట్టీ మీద అంటిస్త." అంటే తప్పు పేజీని కుట్టు దగ్గర వేలెడు వెడల్పు పట్టీ వదిలి కోసేసి, ఆ పట్టీకి కొత్త పేజీని అంటించడం. థీసిస్‌లో ఒక్క వైపే అచ్చు ఉంటుంది కాబట్టి వెనక పేజీ బాధ లేదు. "కానీ ఈ వాన మౌసంల గమ్ జల్ది ఆరది. మూడింటి దాంక ప్రెస్సుల ఉండాలె. ముందు తీస్తే పేజీ ఊడి చేతికొస్తది. అప్పుడు నన్ననొద్దు."

ఆయన స్టీలు స్కేలు పెట్టి బ్లేడు లాగుతుంటే ఒక్కో కోతకు అక్క భుజాలు బిగుసుకునేవి. పన్నెండు కోతలు, పన్నెండు అంటింపులు. మధ్య మధ్య పాత న్యూస్ పేపర్ ముక్కలు పెట్టి, పుస్తకాలను ఇనప ప్రెస్సులో బిగించి, ఫ్యాన్ అటు తిప్పాడు. ఒకటిన్నర అయింది. ఇక చేసేది ఏమీ లేదు, ఎదురుచూడటమే. చాచా టీ తెప్పించాడు. ఎవరూ తాగలేదు.

ఆ భయంలోనే నాకు ఇంకో భయం పుట్టింది. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"అక్కా, కోపం చేయకు. అది నిజంగ మరక కాదని నీకెట్ల తెల్సు?"

చాచా నా వైపు గుర్రుగా చూశాడు. అక్క మాత్రం పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది.

"మా గైడు రెండేండ్లు ఇదే అడిగిండు. టెలిస్కోప్ అద్దాల మీద గూడ దుమ్ముంటది, దాని నీడ పడితే అచ్చం ఇట్లనే మసకగ వస్తది. అందుకే ఒక్క ఫొటో తియ్యం. టెలిస్కోప్‌ను జరంత జరుపుకుంట మళ్ల మళ్ల తీస్తం. దుమ్మైతే ఫొటోల ఉన్నకాడనే ఉంటది. ఆకాశంలదైతే గెలాక్సీతోని కలిసి జరుగుతది. నా వంపు జరిగింది."

"మేం గూడ అంతే అక్కా!" నేను అరిచినంత పని చేశాను. "స్కానర్ల మచ్చ వస్తే కాగితం తిప్పి మళ్ల పెడతం. మచ్చ అక్కడనే ఉంటే అద్దానిది. కాగితంతో తిరిగితే కాగితానిది."

"మరి నాదెందుకు తిప్పి చూడకపోయినవ్?"

"నీది ఫైలు గదక్కా. కాగితమైతే తిప్పుదును."

"ఫోన్ ఉండె గదా" అంది.

అంతే అంది. తర్వాత ఇద్దరం ప్రెస్సు వైపే చూస్తూ కూర్చున్నాం.

మూడు దాటి ఐదు నిమిషాలకు చాచా ప్రెస్సు విప్పాడు. ఒక పేజీని వేలితో మెల్లిగా లాగి చూశాడు. "పట్టుకుంది. పూరా ఆరలే. దారిల ఒత్తి పట్టుకోండ్రి." వానలో ఆటోలు ఆగడం లేదు. నాలుగోది ఆగింది. నేను కూడా ఎక్కాను, ఎవరూ రమ్మనలేదు. ఆరు పుస్తకాలూ నా ఒళ్లో పెట్టుకుని, వాటి మీద రెండు మోచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి కూర్చున్నాను. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా గుండె కూడా ఎగిరింది. విద్యానగర్ దగ్గర ట్రాఫిక్ ఆగితే డ్రైవరన్న అద్దంలో చూసి, "ఏంది చెల్లె, బంగారమా అంత గట్టిగ పట్టుకున్నవ్?" అన్నాడు. అక్కే జవాబిచ్చింది. "అంతకన్న ఎక్కువ అన్నా. జర పోనియ్యి."

నాలుగింటికి పన్నెండు నిమిషాలుందనగా యూనివర్సిటీ కౌంటర్ ముందు నిలబడ్డాం. లోపలున్న గుమాస్తా ఒక పుస్తకం తీసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన వేలు ఎనభై ఏడు దగ్గర ఆగింది. కాగితం కొంచెం ఉబ్బి ఉంది.

"ఇదేంది మేడం, తడిసిందా?"

అక్క తడబడలేదు. "లేద్సార్. బొమ్మ తప్పు పడ్డది, పేజీ మార్పిచ్చినం. మా గైడుకు ఫోన్ చేసి చెప్పిన. ఇప్పుడున్నదే సరైంది."

ఆయన అక్కను చూశాడు, నన్ను చూశాడు, గడియారం చూశాడు. ముద్ర తీసి ఆరు పుస్తకాల మీద టపటపా కొట్టాడు. ఆ చప్పుడు వింటూ నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నా మోచేతుల మీద నీలం అట్టల అంచులు ఒత్తుకుని ఎర్రగా గీతలు పడి ఉన్నాయి.

ఏడాది తర్వాత అక్క స్వీట్ డబ్బాతో షాపుకు వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఎనభై ఏడో పేజీని కిటికీ వైపు పట్టుకుని చాలాసేపు చూశాడట. "ఇది దుమ్ము కాదని ఎట్ల నమ్మమంటరు?" అని అడిగాడట. అక్క టెలిస్కోప్ జరపడం గురించి చెప్పి, "జిరాక్స్ షాపుల కాగితం తిప్పి చూసినట్టు" అని కూడా అందట. శంకరన్న ఆ మాటను ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు, నోరు మూసుకుని ఇచ్చెయ్యమన్న సంగతి మాత్రం చెప్పడు.

నేను తుడవడం మానలేదు, అది నా పని. కాకపోతే ఇప్పుడు బూడిద రంగు కనిపిస్తే చెయ్యి వెంటనే మౌస్ మీదికి పోదు. నాకు మురికిగా కనిపించింది ఎవరికో తొమ్మిదేళ్లు కావచ్చని ముందు ఫోన్ తీస్తాను. "ఇది మీదేనా, ఉంచాల్నా, తియ్యాల్నా?" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

చాచా కోసి తీసిన తప్పు పేజీల్లో ఒకటి అడిగి తెచ్చుకుని, నా కంప్యూటర్ పైన గోడకు అంటించాను. పాలలాంటి తెల్ల కాగితం, నల్లటి ముద్ద, ఖాళీలోకి చూపిస్తున్న బాణం. ప్రింట్ కోసం వచ్చినవాళ్లు నిలబడి దాన్నే చూస్తుంటారు.

"అక్కా, బాణం ఉంది గానీ అక్కడ ఏం లేదేంది?"

"ఉండె" అంటాను. "నేనే తుడిచిన."